పణజి గుడికి సున్నమే గొడుగు

గోవా వెళ్ళొచ్చినవాళ్ళ ఫోన్లలో సముద్రం తర్వాత ఎక్కువగా కనిపించే ఫొటో ఒకటుంది. కొండ వాలు మీద తెల్లటి గుడి, దాని ముందు అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ దిగే తెల్లటి మెట్లు, నడిమధ్యలో ఎత్తుగా వేలాడే పెద్ద గంట. అది పణజి నడిబొడ్డున అల్టినో కొండ అంచున ఉన్న అమలోద్భవి మాత దేవాలయం. పణజి విచారణ (పారిష్) గుడి అదే. ఆ ఫొటోల్లో మనం చూసేది నిజానికి గుడిని కాదు, గుడి మీది సున్నాన్ని. లోపలి రాయి ఎర్రగా, స్పంజిలా చిల్లులతో ఉంటుంది. ఆ రాయి వర్షాలన్నీ తట్టుకుని ఇన్ని వందల ఏళ్ళు నిలబడిందంటే సున్నం వల్లే. ఈ గుడి గురించి రాసేవాళ్ళు బరోక్ శైలి, పోర్చుగీసు వైభవం అంటూ మొదలుపెడతారు. సున్నం దగ్గరికి వచ్చేసరికి ‘అందమైన తెల్లరంగు’ అని ఒక ముక్కలో తేల్చేస్తారు. అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు పేరు సంగతి. మన కథోలికులు డిసెంబర్ 8న చేసుకునే అమలోద్భవి మాత పండుగే ఈ గుడి పండుగ. అమల, ఉద్భవ అని విడదీస్తే అర్థం దానంతటదే తెలుస్తుంది: మచ్చ లేకుండా పుట్టినది. యేసు కన్యకు పుట్టడం గురించి అనుకుని చాలామంది పొరబడతారు. ఇది మరియమాత తన తల్లి కడుపున పడ్డ క్షణం నుంచీ జన్మపాపం అంటకుండా ఉందన్న విశ్వాసం. తొమ్మిదవ భక్తినాథ (పయస్) పోపు దీన్ని విశ్వాస సత్యంగా ప్రకటించింది 1854 డిసెంబర్ 8న. పణజిలో ఆ పేరుతో గుడి వెలిసింది అంతకు మూడు వందల ఏళ్ళ ముందే. పోర్చుగీసువాళ్ళకు ఈ భక్తి ముందునుంచీ ఎక్కువ. 1646లో వాళ్ళ రాజు నాలుగో జువావ్ అమలోద్భవి మాతను దేశానికే పాలకురాలిగా ప్రకటించాడు.

1510లో పోర్చుగీసు సేనాని ఆల్బుకెర్క్ బీజాపూర్ ఆదిల్‌షాహీల నుంచి గోవాను పట్టుకున్నాడు. అప్పటి పట్నం పణజి కాదు. మాండవి నది మీద ఎగువన, ఇక్కడికి 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత గోవా. పణజి అప్పటికి బురద నేలల మధ్య ఒక పల్లె, ఆదిల్‌షా కట్టుకున్న ఏటిగట్టు కోట తప్ప చెప్పుకోదగ్గది లేదు. ఆ పల్లెలో 1541లో కొండ వాలు మీద ఒక చిన్న గుడి కట్టారు. లిస్బన్ నుంచి నెలల తరబడి ఓడలో వచ్చినవాళ్ళు నదీముఖంలోకి తిరగగానే ఎత్తు మీద కనిపించే గుడి ఇది. ప్రాణాలతో చేరామని ఇక్కడ దిగి దండం పెట్టుకున్నాకే పాత గోవా దాకా వెళ్ళేవారు. గుడి కొండ మీద ఎందుకుంది, దూరానికి కనిపించే తెల్లదనం ఎందుకు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఓడ మీదినుంచి చూస్తే దొరుకుతుంది. 1600లో ఇది విచారణ అయింది. 1619లో చిన్న గుడి స్థానంలో పెద్దది లేచింది. ఇప్పుడు మనం చూస్తున్న గుడికి మూలరూపం అదే.

పాత గోవాను జ్వరాలు, అంటురోగాలు తినేశాయి. వైస్రాయి 1759లో నివాసం పణజికి మార్చుకున్నాడు. 1843లో పణజే అధికారికంగా రాజధాని అయింది. పల్లెటూరి విచారణ గుడి ఒక్కసారిగా రాజధాని గుడి అయి కూర్చుంది. ఆ తర్వాత దీనికి వచ్చిన సొగసుల్లో చాలావరకు పాత గోవా శిథిలాల నుంచి, మూతపడ్డ భవనాల నుంచి వచ్చినవే. ఈ గుడిని చూసేటప్పుడు ఏ ముక్క ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతూ చూడాలి.

గంటతో మొదలుపెడదాం. పాత గోవాలో అగస్తీను సభ సన్యాసుల కృపామాత గుడి ఉండేది. నాలుగంతస్తుల పైచిలుకు బురుజు, 46 మీటర్ల ఎత్తు. 1835లో గోవాలోని మగ సన్యాసుల మఠాలన్నిటినీ ప్రభుత్వం మూసేసింది. మనుషులు వెళ్ళిపోతే సున్నం వేసేవాడు ఉండడు, కప్పు మీది పెంకు జారితే సర్దేవాడు ఉండడు. ఏడేళ్ళు తిరిగేసరికి, 1842లో, గుడి కమాను కప్పు కూలిపోయింది. 1931లో ముందు గోడ, బురుజులో సగం పడిపోయాయి. ఇప్పుడు మిగిలిందాన్నే టూరిస్టులు సెయింట్ అగస్టీన్ టవర్ అని చూస్తారు. మరామతు ఆగిన లేటరైటు (చిల్లుల ఎర్రరాయి) గుడికి వానలు ఎంత గడువిస్తాయో లెక్క కావాలంటే ఈ తేదీలు చాలు.

ఆ గుడి గంట మొదట అగ్వాద కోట దీపస్తంభానికి వెళ్ళింది. 1871లో పణజి గుడికి వచ్చింది. బరువు రెండు టన్నులకు పైగా. పాత గోవా సే కతెద్రల్‌లోని బంగారు గంట తర్వాత గోవాలో ఇదే పెద్దది. అసలు పణజి గుడి ముఖభాగాన్ని ఇంత గంటను ఊహించి కట్టలేదు. రెండు పక్కలా రెండు బురుజులు, మధ్యలో మామూలు ఎత్తు. గంట కోసం మధ్య భాగాన్ని పైకి లేపారు. అందుకే ఎదురుగా నిలబడి చూస్తే పక్క బురుజులు పొట్టిగా, మధ్య గంటగూడు వాటిని మించి సన్నగా నిక్కినట్టు ఉంటుంది. పోర్చుగీసు పద్ధతి ముఖభాగాల్లో సాధారణంగా బురుజులదే పైచేయి. ఇక్కడ తలకిందులైంది. లోపం అనేవాళ్ళున్నారు కానీ, ఈ గుడిని గోవాలోని వందల తెల్లగుళ్ళలో ఒక్క చూపులో గుర్తుపట్టేది ఆ లోపం వల్లే.

ఇంత గంటను గోడ నెత్తిన పెడితే వచ్చే చిక్కు దాని బరువు కాదు. రాయి, సున్నం నిట్టనిలువు బరువును హాయిగా మోస్తాయి. చిక్కంతా ఊపుతో. గంట ఊగిన ప్రతిసారీ గోడను ముందుకూ వెనక్కూ తోస్తుంది. సున్నపు అతుకులకు పక్కకు లాగే బలాన్ని తట్టుకునే శక్తి తక్కువ. ముందు వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి, వాటిలోకి వాన దిగుతుంది. అందుకే సన్నటి గోడల్లోని పెద్ద గంటలను చాలాచోట్ల ఊపరు. గంటను కదలకుండా బిగించి, నాలుకకు తాడు కట్టి లాగుతారు. మోత కొంచెం తగ్గుతుంది, గోడ మిగులుతుంది. ఏళ్ళ తరబడి నాలుక ఒకేచోట తగిలి కంచు అరిగితే గంటను పావు వంతు తిప్పి మళ్ళీ బిగిస్తారు. వేలాడదీసే ఇనుప బోల్టులను ఏటా చూడాలి. సముద్రపు గాలికి తుప్పు తొందరగా పడుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న రాతిని తనే చీలుస్తుంది.

మెట్లు కూడా 1870 ప్రాంతంలోవే. వాటిని అలంకారం అనుకుంటాం గానీ వాటికి బరువు కాసే పని కూడా ఉంది. వాలు మీద గుడి ముందు చదునైన జాగా కావాలంటే మట్టిని ఆపే గోడలు కట్టాలి. ఒకే ఎత్తయిన గోడ కడితే వెనక నీరు నిండి గోడను తోసేస్తుంది. అంచెలంచెలుగా పొట్టి గోడలు కట్టి వాటి మీదుగా మెట్లు తిప్పితే ప్రతి గోడ మీదా ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు పోవడానికి ప్రతి అంచెలోనూ దారి పెట్టొచ్చు. ఇలాంటి కట్టడాల్లో వానాకాలం ముందు మొదట చూడాల్సింది ఆ నీటి తూములు మూసుకుపోయాయా అని. గోడ మీద అడుగునుంచి పైకి చెమ్మ మచ్చ పాకుతోందంటే తూము పూడిందన్నమాట.

లోపలికి వెళితే బయటి హడావుడి లేదు. పక్క వరసల స్తంభాలేమీ లేని ఒకే పొడవాటి హాలు, చివర బంగారు పూత పీఠం. మధ్యలో అమలోద్భవి మాత, ఎడమ పక్క పీఠం సిలువ మీది యేసుది, కుడి పక్కది జపమాల మాతది. పునీత (సెయింట్) పేతురు, పౌలుల స్వరూపాలు కూడా ఉన్నాయి. దక్షిణం వైపు చిన్న పీఠం పునీత ఫ్రాన్సిస్ జేవియర్‌ది. దాని వెనుక ఉన్న చెక్కడపు కర్ర గోడ ఈ గుడిది కాదు, వైస్రాయి భవనంలోని ప్రార్థనాలయం నుంచి 1918లో తెచ్చారు. అదే ఏడు అదే భవనం నుంచి ఒక పెద్ద సిలువ స్వరూపం ఫౌంటెన్‌హాస్ వీధుల్లోని పునీత సెబాస్తియన్ చిన్నగుడికి వెళ్ళింది. ఒకప్పుడు అది మతవిచారణ (ఇంక్విజిషన్) న్యాయస్థానంలో ఉండేదట. మామూలు సిలువ స్వరూపాల్లో యేసు తల వాలి ఉంటుంది, అందులో తల ఎత్తి, కళ్ళు తెరిచి చూస్తుంటాడు. పణజి గుడి నుంచి పది నిమిషాల నడక, చూడకుండా రావొద్దు.

పీఠాల బంగారం గట్టి బంగారం కాదని అందరికీ తెలుసు. రేకు ఎలా నిలుస్తుందన్నది మాత్రం తెలుసుకోదగ్గ సంగతి. చెక్కిన కర్ర మీద ముందు జంతువుల చర్మం ఉడికించి తీసిన వజ్రం అనే బంక పూస్తారు. దాని మీద మెత్తటి సుద్ద, వజ్రం కలిపిన పూత ఆరు నుంచి పది సార్లు, ఒక్కోటి ఆరాక ఇంకొకటి. దాన్ని గాజులా నునుపు చేశాక ఎర్రటి మెత్తని బంకమన్ను పూత. దాన్ని నీళ్ళతో తడిపి ఊదితే ఎగిరిపోయేంత పలచని బంగారు రేకు పరుస్తారు. ఆరాక అగేటు రాయితో రుద్దితే మెరుపు వస్తుంది. పాత పీఠాల అంచుల్లో బంగారం అరిగినచోట తొంగిచూసే ఎరుపు ఆ బంకమన్నుదే. మురికి అనుకుని తుడవకూడదు. తడిగుడ్డ పెడితే అడుగున వజ్రం కరిగి రేకు చేతికే వస్తుంది.

ఈ పూతకు వానాకాలం బద్ధశత్రువు. గాలిలో తేమ పెరిగితే కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. సుద్ద పూత సాగదు కాబట్టి పెచ్చులు లేస్తుంది. కర్రను గోడకు ఆనించి పెడితే గోడ చెమ్మ, దాని వెంట చెదలు నేరుగా వెనకనుంచి ఎక్కుతాయి. ముందు బంగారం మెరుస్తూనే ఉంటుంది, వెనక కర్ర పొడి అయిపోతుంది. పీఠానికీ గోడకూ మధ్య మనిషి చెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలనేది అందుకే. అంతకంటే పెద్ద ప్రమాదం పండుగ ముందు ఎవరో ఉదారంగా కొనిచ్చే గోల్డ్ పెయింట్ డబ్బా. అందులో ఉండేది ఇత్తడి పొడి. నాలుగేళ్ళలో గోధుమ రంగుకు, ఆపైన పచ్చగా తిరుగుతుంది. తీయబోతే కింది అసలు రేకు కూడా వచ్చేస్తుంది. మన వైపు పాత గుళ్ళలోనూ ఈ డబ్బా చేసిన నష్టం తక్కువేమీ కాదు.

ఇంకో చిన్న గమనిక. పాత కథోలిక గుళ్ళలో రెండు పీఠాలు కనిపిస్తాయి, వెనక గోడకు ఆనుకుని ఒకటి, ముందు బల్లలా ఇంకొకటి. 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభ తర్వాత గురువు జనం వైపు తిరిగి దివ్యబలిపూజ చేయడం వచ్చింది. అంతకుముందు జనంతో పాటు తానూ పీఠం వైపు తిరిగి చేసేవాడు. ముందున్న బల్ల ఆ మార్పు గుర్తు. పాత పీఠం దివ్యసత్ప్రసాదం దాచే మందసానికి, స్వరూపాలకు మిగిలింది.

ఇక రాయి. గోవాలో ఎక్కడ తవ్వినా తగిలేది లేటరైటు. ఈ పేరు పెట్టింది ఫ్రాన్సిస్ బుకానన్. 1807లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో మలబారులోని అంగడిపురం దగ్గర చూసిన రాయికి లాటిన్‌లో ఇటుక అన్న అర్థం వచ్చేలా పెట్టాడు. ఇటుక అనడంలో తప్పు లేదు. భూమిలో ఉన్నప్పుడు గొడ్డలితో చెక్కొచ్చు. దిమ్మలుగా కోసి బయట పెడితే తేమ పోయి, ఇనుప ఆక్సైడ్లు బిగిసి గట్టిపడుతుంది. కొట్టిన రాయిని వెంటనే వాడక కొన్ని నెలలు ఎండకూ గాలికీ వదిలేది అందుకే.

గట్టిపడేది ఇనుము పట్టిన ఎర్రటి చట్రం మాత్రమే. దాని చిల్లుల్లో తెల్లటి, పసుప్పచ్చని మెత్తటి సుద్దమన్ను ఉంటుంది. విరిగిన దిమ్మను చేతిలోకి తీసుకుని వేలితో గీస్తే గోట్లోకి వచ్చేస్తుంది. వాన ఈ మట్టిని కడుక్కుపోతుంది. మట్టి పోయాక చట్రం తేనెపట్టులా మిగిలి ఒత్తిడికి నలుగుతుంది. గోవాలో ఏడాదికి పడే వాన సుమారు 3000 మిల్లీమీటర్లు, దాదాపు అంతా నాలుగు నెలల్లోనే. హైదరాబాదులో 800 చిల్లర. ఆ వాన ఈ రాతి మీద నేరుగా పడకూడదు. పడకుండా ఆపేదే సున్నం.

గోవాలో సున్నపురాయి కొరత. వాళ్ళు వాడింది ఎక్కువగా గుల్ల సున్నం, అంటే నది, సముద్రం ఇచ్చిన ఆల్చిప్పలను కాల్చి తీసింది. కాల్చడంలో లెక్క ఇలా ఉంటుంది. 900 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిలో 100 కిలోల శుభ్రమైన గుల్ల 56 కిలోల పొడిసున్నం అవుతుంది, మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. ఆ 56 కిలోలు 18 కిలోల నీళ్ళు తాగి 74 కిలోల తడిసున్నం అవుతాయి. గోడ మీదికెక్కాక పోయిన వాయువునే గాలిలోంచి మళ్ళీ పీల్చుకుంటూ నెమ్మదిగా రాయిగా మారుతుంది. గుల్లగా మొదలై గుల్లగానే ముగుస్తుంది. సున్నం గోడ గట్టిపడటానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పట్టేది అందుకే.

మన దగ్గర డంగు సున్నం అంటే తెలియని పాతకాలపు మేస్త్రీ ఉండడు. రాతి చక్రం ఎద్దులతో తిప్పి సున్నం, ఇసుక నూరే గానుగ ఎన్నో ఊళ్ళలో ఉండేది. గోడ పూతకు ఒక పాలు సున్నపు ముద్దకు మూడు పాళ్ళు ఇసుక. ముద్ద కనీసం రెండు మూడు వారాలు నీళ్ళ కింద ఊరాలి. ఊరని పలుకులు గోడలోకి వెళ్ళాక తేమ తగిలి ఉబ్బి పొంగుతాయి, పూత మీద చిన్న చిన్న గుంటలు పేలినట్టు కనిపిస్తే అదే కారణం. ఇసుక ఏటిది కావాలి. సముద్రపు ఇసుక వాడితే ఉప్పు గోడలో చేరి జన్మంతా తెల్లగా పూస్తూనే ఉంటుంది. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపే అలవాటు మన మేస్త్రీలకుంది. బెల్లం సున్నం తేలిగ్గా పరుచుకునేలా చేస్తుంది. బెల్లం ఎక్కువైతే మాత్రం బిగియడం ఆలస్యమవుతుంది.

పూత ఒక్కో పొర 10, 12 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఆరేటప్పుడు చీలుతుంది. వేసే ముందు గోడ తడపాలి. ఎండిన లేటరైటు బ్లాటింగ్ కాగితంలా పూతలోని నీళ్ళు లాగేసుకుంటే సున్నం బిగియకముందే పొడి అయిపోతుంది. వేశాక వారం పాటు తడిగోనె కట్టి ఎండ తగలకుండా చూడాలి.

దాని మీద తెల్లసున్నం. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్ళు. పాలకంటే చిక్కగా ఉండకూడదు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పలచగా కొడితే తడిగా ఉన్నప్పుడు గోడ అసలు తెల్లబడినట్టు ఉండదు, ఆరాక తెల్లబడుతుంది. ఓపిక లేనివాళ్ళు చిక్కగా కొట్టి ఒక్క దెబ్బలో తెలుపు చూస్తారు, మూడు నెలల్లో పొలుసులుగా రాలుతుంది. మూడు నుంచి ఐదు పలచటి పొరలు, ఒకటి అడ్డంగా కొడితే తర్వాతది నిలువుగా, మధ్యలో ఒక రోజు ఆరబోత. బియ్యపు గంజి, తుమ్మబంక కొంచెం కలిపితే చేతికి అంటదు. పిసరంత నీలిమందు పసుపుదనాన్ని విరుస్తుంది.

ఈ సున్నం అరిగిపోవడానికే ఉంది. వానకు ముందు అది పోతుంది, రాయి పోదు. ఏటా కొట్టాల్సి రావడం దాని బలహీనత కాదు, అది చేయాల్సిన పనే అది. పోర్చుగీసు రోజుల్లో తెలుపు గుళ్ళకే, ఇళ్ళకు రంగులు అన్న నియమం ఉండేదని గోవాలో అంటుంటారు. ఫౌంటెన్‌హాస్‌లో నీలం, పసుపు, ఇటుక ఎరుపు ఇళ్ళ వరసల మధ్య పునీత సెబాస్తియన్ చిన్నగుడి ఒక్కటే తెల్లగా ఉండటం చూస్తే నమ్మబుద్ధవుతుంది.

సున్నం తీసేస్తే ఏమవుతుందో చూడటానికి పాత గోవాలోనే బొమ్ జీసస్ బసిలికా ఉంది. దానికి పునాది 1594 నవంబర్ 24న, ప్రతిష్ఠ 1605 మే 15న. మన చార్మినార్ 1591 నాటిది, అంటే దాదాపు ఒకే కాలంలో గోల్కొండ మేస్త్రీలు గచ్చు నూరుతుంటే గోవాలో ఇంకెవరో గుల్ల సున్నం నూరుతున్నారు. రెండూ సున్నపు పూతతోనే పుట్టాయి. 1950లలో పోర్చుగీసు ప్రభుత్వం తెచ్చిన వాస్తుశిల్పి బల్తజార్ కాస్త్రో బసిలికా పూత మొత్తం గీకించేశాడు. పాతదనం కనిపించాలన్నది ఉద్దేశం. ఇప్పుడు అది ఎర్రగా, గరుకుగా, ఫొటోల్లో గంభీరంగా ఉంటుంది. అది మొదటినుంచీ అలాగే ఉందనే చాలామంది అనుకుంటారు. దగ్గరికి వెళ్ళి పక్క గోడలు చూడండి. అతుకుల దగ్గర రాయి లోపలికి తినుకుపోయి ఉంది, చిల్లుల్లోని సుద్దమన్ను ఎన్నడో కడుక్కుపోయింది. ముఖద్వారం చుట్టూ చెక్కడాలున్న నల్ల బసాల్టు రాయి మాత్రం చెక్కుచెదరలేదు. ఒకే గోడ మీద రెండు రాళ్ళు, ఒకే వాన, రెండు వేర్వేరు ఫలితాలు. మళ్ళీ పూత వేయాలా వద్దా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఎర్రటి ముఖానికి జనం అలవాటు పడ్డారన్నది ఒక వైపు, రాయే మిగలకపోతే ఏ ముఖం మిగులుతుందన్నది రెండో వైపు. నన్నడిగితే రెండో మాటే నిజం.

పూత తీసెయ్యడం కంటే దొంగతప్పు ఇంకొకటి, సిమెంటు వేయడం. సిమెంటు గట్టిది, ఏటా కొట్టక్కర్లేదు అని గుడి పెద్దలకు నచ్చుతుంది. కానీ కప్పు పెంకులోంచి, పునాదిలోంచి, సన్నటి పగుళ్ళలోంచి నీళ్ళు ఎలాగూ లోపలికి వస్తాయి. సున్నం పూతైతే ఆ నీరు ఎండాకాలం ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు, దాని మీది ప్లాస్టిక్ పెయింటు పోనివ్వవు. నీరు లోపలే ఉండి ఉప్పును కరిగించి సిమెంటు వెనకకు చేరుస్తుంది. అక్కడ ఉప్పు గడ్డకట్టి రాయి ముఖాన్ని పెళ్ళగిస్తుంది. ఒక రోజు పూత పలకలా ఊడి పడుతుంది, దాని వెనక రెండంగుళాల రాయి పొడిగా అంటుకుని వస్తుంది. ఊడకముందే తెలుసుకోవడం కష్టం కాదు. వేళ్ళ కణుపులతో గోడను తట్టుకుంటూ వెళ్ళాలి. గట్టి పూత టక్ టక్ అంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల మోతల చుట్టూ సుద్దతో గీతలు గీసుకుంటే ఎంత మరామతు ఉందో ఒక పూటలో తేలుతుంది.

పైన కార్నీసుల మీద మొలిచే రావి మొక్కల సంగతి కూడా అంతే. పైకి కనిపించే కాడ కోసేస్తే పోదు, వేరు ఇంకా లావవుతుంది. వేరు లోపల ఉన్న రెండు మూడు రాళ్ళు విప్పి, వేరంతా లాగి, సున్నంతో మళ్ళీ కట్టాలి. మొక్క వేలంత ఉన్నప్పుడే చేస్తే ఒక మనిషి ఒక రోజు పని.

పాత గోవా ఇళ్ళలో, గుళ్ళలో కొన్ని కిటికీలకు గాజు బదులు ఆల్చిప్పలు ఉంటాయి. రెండు మూడంగుళాల పలుచటి చిప్పలను చతురస్రాలుగా కోసి, సన్నటి కర్ర బద్దల గాళ్ళలోకి జారుస్తారు. వెలుగు లోపలికి పాలలా వస్తుంది, ఎండ రాదు. చిప్ప ఎప్పటికీ ఉంటుంది, పాడయ్యేది గాళ్ళు. కర్ర మెత్తబడి చిప్పలు జారిపోతాయి. ప్లకూనా ప్లసెంటా అనే ఈ చిప్ప మన కాకినాడ అఖాతంలోనూ దొరుకుతుంది. కాకినాడలో దాన్ని సున్నపు బట్టీల్లో కాల్చారు. ఒకే చిప్ప గోవాలో వెలుగును లోపలికి రానిచ్చింది, కాకినాడలో గోడ మీదికెక్కింది. ఇప్పుడది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న ప్రాణి. పాత కిటికీ మరమ్మతు చేసేవాళ్ళు కూలిన ఇళ్ళ చిప్పలనే ఏరి వాడుకోవాలి.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. విజయవాడ, గుంటూరు మీదుగా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లలో ఒకటి గోవాలోని వాస్కో దాకా పోతుంది, అక్కడినుంచి పణజికి బస్సులుంటాయి. ఇది విచారణ గుడి, మ్యూజియం కాదు. పూజ జరుగుతుంటే కెమెరా లోపల పెట్టి వెనక బెంచీలో కూర్చోవాలి. ముందు మెట్లకు కొంచెం దూరంగా, మునిసిపల్ తోట వైపు నిలబడితేనే గంటగూడు, బురుజుల కొలతల తేడా కళ్ళకు ఆనుతుంది.

తెల్లదనం బాగా కనిపించే రోజులు డిసెంబర్ మొదటివి. దానికీ ఒక లెక్క ఉంది. రుతుపవనాలు గోవా వదిలేసరికి అక్టోబర్ నడిమవుతుంది. తడిసిన గోడ కనీసం మూడు వారాలు ఆరాలి. తొందరపడి తడిగోడ మీద కొడితే లోపలి చెమ్మ కొత్త సున్నాన్ని తోసేస్తుంది. ఆరాక నాచు, నల్లమచ్చలు గట్టి కుంచెతో గీకాలి, డొల్లలు విప్పి పూత వేయాలి, అది వారం బిగియాలి, ఆపైన నాలుగు పొరల సున్నం. డిసెంబర్ 8 పండుగకు నవదిన ప్రార్థనలు నవంబర్ 29న మొదలవుతాయి. ఆ సాయంత్రానికి సారువ కర్రలు దింపేయాలి. మొత్తానికి సున్నం మేస్త్రీ చేతికి చిక్కేది నవంబర్ ఒక్కటే, అందులోనూ ఒక తుపాను వచ్చిందంటే మూడు పొరలతో సరిపెట్టుకోవాలి.